దిద్దుబాటు ఎవరి కోసం?

(గిడుగు రామమూర్తి జయంతి సందర్భంగా కోటబొమ్మాళిలో జరిగిన మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

ఉభాలు అవగొట్టుకుని, ఒకపూట కూలి వదులుకుని ఇక్కడికి వచ్చిన అమ్మలకీ, అప్పలకీ ముందుగా నా కృతజ్ఞతలు. కాలేజీల నుంచి వచ్చిన విద్యార్థినులు, ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. నేను ఈ మండలంలోనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి పరిచయాలు అక్కర్లేదు.

నన్ను మాట్లాడమన్న విషయం భాష, స్త్రీల హక్కులు. కూలి, భూమి, మంచినీళ్ళు, ఇంట్లో హింస - ఇన్ని సమస్యలుండగా అక్షరాల గురించీ, తప్పొప్పుల గురించీ మాట్లాడాలా అని మొదట నాకూ అనిపించింది. కానీ ఆలోచించిన కొద్దీ ఈ సమస్యలన్నిటినీ చెప్పుకోవలసింది మాటతోనే కదా, ఆ మాట దగ్గరే మన నోరు నొక్కేస్తే మిగతావి ఎలా చెప్పుకుంటాం అన్న ప్రశ్న వచ్చింది. ఎదుటివాళ్ళ మాటలో తప్పు పట్టడం, దాన్ని పదిమందిలో సరిదిద్దడం మనకు చాలా మామూలు విషయం. దిద్దేవాళ్ళు మంచి చేస్తున్నామనే అనుకుంటారు. ఆ మంచి వెనక ఏం జరుగుతుందో ఒక కేసుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక అప్ప భరణం కోసం అర్జీ పెట్టుకుంది. వివరాలు చెప్పను, ఆమె ఇక్కడి మనిషే. ఆమె తన గోడు ఇలా చెప్పింది: "మా ఆయన నన్నూ గుంటల్నీ ఒగ్గేసి ఎలిపోనాడు. మూడేళ్ళయింది. తిండి నేదు, బట్ట నేదు. అడగడానికెల్తే కొట్టినాడు." అర్జీలు రాసే ఆయన దీన్ని చక్కటి భాషలోకి మార్చాడు. "మా దంపతుల మధ్య మనస్పర్ధలు ఏర్పడినందున గత మూడు సంవత్సరములుగా విడివిడిగా నివసించుచున్నాము. ఈ విషయమై అడుగగా దురుసుగా ప్రవర్తించినారు" అని రాశాడు. ఒక్క అక్షరం తప్పులేదు. ఆమె వేలిముద్ర వేసింది.

ఈ రెండిటికీ తేడా ఏమిటో గమనించండి. "ఒగ్గేసి ఎలిపోనాడు" అన్నప్పుడు ఆ పని చేసింది ఒక మనిషి. "విడివిడిగా నివసించుచున్నాము" అన్నప్పుడు అది ఇద్దరూ కలిసి చేసిన పని అయిపోయింది. "కొట్టినాడు" అన్నది "దురుసుగా ప్రవర్తించినారు" అయింది. దెబ్బ పోయింది, కొట్టినవాడికి గౌరవ వాచకం వచ్చింది!

ఇది కేవలం మాటల తేడా కాదు. అప్పట్లో భరణం కేసులు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నడిచేవి. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక అది 144వ సెక్షన్ అయింది. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం అడిగే హక్కు లేదని ఆ సెక్షన్ నాలుగో ఉపవిభాగం చెబుతుంది. అవతలి వకీలు సరిగ్గా ఆ వాక్యాన్నే పట్టుకున్నాడు. "ఇద్దరూ ఇష్టపడే విడిగా ఉంటున్నారు, ఆమే రాసుకుంది" అన్నాడు. ఆమె బోను ఎక్కి "నాను ఇడిపోనేదు బావూ, నన్ను ఒగ్గేసినాడు" అని తన మాటల్లో చెప్పేదాకా, ఆ మాట రికార్డులోకి ఎక్కేదాకా పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆమె, పిల్లలు పుట్టింట్లో మాటలు పడుతూ బతికారు.

అర్జీ రాసినాయన చెడ్డవాడు కాదు. ఆడకూతురి అర్జీ అధికారి ముందుకు వెళ్తుంది కదా, నాలుగు మంచి మాటల్లో ఉండాలనుకున్నాడు. "ఒగ్గేయడం" ఆయనకు మోటుమాటగా కనపడింది. మన ఉత్తరాంధ్రలో ఈ మాటకున్న బలం ఇంకో మాటకి లేదు. బాధ్యత ఉన్నవాడు దాన్ని దులుపుకుని పోయాడన్న అర్థం అందులో ఉంది. బయట ప్రాంతాల వాళ్ళకి చెవి ఒగ్గడం, తల ఒగ్గడం మాత్రమే తెలుసు. కాబట్టి వాళ్ళకి అర్థం కాకపోతే ఆ మాట పక్కన అర్థం రాయవచ్చు. మాటనే తీసేసే హక్కు ఎవరిచ్చారు?

మిత్రులారా, ఇవాళ మనం ఎవరి జయంతి జరుపుకుంటున్నామో ఆయన జీవితమంతా ఈ ప్రశ్నతోనే గడిపారు. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు తయారుచేసి, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆ తర్వాత తెలుగు వైపు తిరిగి, పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పరీక్షల్లో రాయవలసిన భాష మరొకటి అయితే చదువు ఎలా వస్తుందని అడిగారు. విజయనగరంలో గురజాడ అప్పారావు ఆయనకు తోడు నిలిచారు. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. పాఠశాలల్లో, పరీక్షల్లో గ్రాంథికమే ఉండాలన్న పండితుల నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ 1914లో ఆయన తన అసమ్మతి పత్రం రాశారు. అవతల 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు గ్రాంథికం పక్షాన నిలబడ్డారు.

ఈ వివాదంలో గిడుగు ఒక పని చేశారు. అది మన విషయానికి చాలా ముఖ్యం. గ్రాంథికంలోనే రాయాలి, వాడుక భాషలో రాస్తే తప్పు అని శాసించే పండితుల పుస్తకాలు తీసుకుని, వాళ్ళు నమ్ముకున్న వ్యాకరణం ప్రకారమే వాళ్ళ రాతల్లో ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. 1933లో వచ్చిన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' ఆ పనికి పేరుపొందింది. తప్పులు దిద్దేవాళ్ళ తప్పులు దిద్దడం అన్నమాట. కానీ గమనించండి, ఆయన ఆ పని బడిపిల్లల మీద చేయలేదు, సవరల మీద చేయలేదు, కూలిజనం మీద చేయలేదు. అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీద చేశారు. దిద్దుబాటు పైనుంచి కిందికి వెళ్తే అణచివేత అవుతుంది. కింద నుంచి పైకి వెళ్తే ప్రశ్న అవుతుంది. ఈ తేడా మనం మర్చిపోకూడదు.

అలాగని గిడుగు ఉద్యమాన్ని కూడా మనం విమర్శ లేకుండా చూడలేం. ఆయన ప్రతిపాదించింది శిష్టుల వ్యావహారికం, అంటే చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడుకునే భాష. ఆ రోజుల్లో చదువుకున్న పెద్దమనుషులు ఎవరు? ఎక్కువగా అగ్రవర్ణాల మగవాళ్ళు. చివరికి అచ్చులో స్థిరపడింది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల భాష. ఆ భాషకి ఉద్యమం చేసిన మన శ్రీకాకుళం మనిషి సొంత జిల్లాలో కళ్ళంలో, కూలిపనిలో ఆడవాళ్ళు మాట్లాడే మాట మాత్రం 'యాస'గానే మిగిలిపోయింది. గ్రాంథికం పోయి వ్యావహారికం వచ్చింది, కానీ బడిలో బెత్తం పోలేదు.

ఇంతకీ తప్పంటే ఏమిటి? ఇక్కడ చదువుకున్న పిల్లలు శ్రద్ధగా వినాలి. ఒకప్పుడు అరసున్న రాయకపోతే తప్పు. బండి ర రాయవలసిన చోట మామూలు ర రాస్తే తప్పు. ఇవాళ అవి రాసేవాళ్ళే లేరు. వాళ్ళు అన్న మాటకి ళ కింద ళ వత్తు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, ల వత్తు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. రెండూ అచ్చవుతూనే ఉన్నాయి. అంటే తప్పొప్పులు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు, మనుషులు పెట్టుకున్నవి, మనుషులు మార్చుకున్నవి.

మా వీధిలో ముసలమ్మ "బాష" అంటుంది, "సంకం" అంటుంది, "సాస్త్రం" అంటుంది. వినగానే నవ్వు వస్తుంది కొందరికి. పరవస్తు చిన్నయ సూరి 1858లో 'బాలవ్యాకరణం' వెలువరించారు. అంతకన్నా కఠినమైన వ్యాకరణవేత్త తెలుగులో లేడని పండితులే అంటారు. ఆయన తెలుగుకి అక్షరాలు 36 అని లెక్క చెప్పారు. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు గానీ, శ, ష లు గానీ ఆ లెక్కలో లేవు. అవి సంస్కృతం మాటలతో పాటు వచ్చినవి. అంటే మా ముసలమ్మ చిన్నయ సూరి లెక్క ప్రకారం అచ్చమైన తెలుగు అక్షరాలతోనే మాట్లాడుతోంది! సంస్కృతం ఎవరికి చదువుకోనిచ్చారు, ఎవరికి చదువుకోనివ్వలేదు అన్న చరిత్ర అంతా ఆ వత్తులో ఉంది. ఆడవాళ్ళకీ, శూద్రులకీ, దళితులకీ ఆ చదువు తలుపులు మూసేసి, ఆ తర్వాత నీకు వత్తులు పలకవని ఎగతాళి చేయడం ఎంత అన్యాయం!

ఇక ఈ దిద్దుబాటు సభల్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక స్త్రీలు పంచాయతీల్లోకి వచ్చారు. ఒక గ్రామసభలో నేను కూర్చుని ఉన్నాను. ఒక వార్డు మెంబరమ్మ లేచి "అద్దెచ్చా, మా ఈదికి కుళాయి నేదు. రెండేళ్ళ నుండి అడుగుతన్నాం" అంది. వెంటనే ఒక పెద్దమనిషి "అద్దెచ్చా కాదమ్మా, అధ్యక్షా. నేదు కాదు, లేదు" అన్నాడు. సభంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి కూర్చుంది. తర్వాత అంశానికి వెళ్ళిపోయారు. కుళాయి సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఆ పెద్దమనిషికి ఆమె చెప్పింది అర్థం కాలేదా? అర్థం కాబట్టే దిద్దగలిగాడు. ఆమె మాటకి జవాబు చెప్పకుండా ఆమె నోటికి జవాబు చెప్పాడు. ఆ వీధికి నీళ్ళు రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

అదే సభలో ఒక మోతుబరి కూడా "నేదు, ఏటి, ఎలిపోనాడు" అనే మాట్లాడాడు. ఆయన్ని ఎవరూ దిద్దలేదు. ఆయన నోట అది నిండుతనం, ఈమె నోట అది తెలియనితనం. అంటే దిద్దేది యాసని కాదు, మనిషిని. కులాన్ని, పేదరికాన్ని, ఆడతనాన్ని. మన మాటని సినిమాల్లో ఎక్కువగా పనిమనిషి నోటా, నవ్వించే పాత్ర నోటా వినిపించడం కూడా ఈ కోవకే చెందుతుంది. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు వంటి రచయితలు ఈ జనం మాటని గౌరవంగా కథల్లో పెట్టారు కాబట్టి కొంత నిలబడింది.

ఈ ఎగతాళి ఎంత లోతుకి పోయిందంటే, ఆడవాళ్ళం ఎవరూ అడక్కుండానే ముందుగా క్షమాపణ చెప్పుకుంటాం. మొల్ల రామాయణం రాస్తూ తనకు వ్యాకరణం, ఛందస్సు వంటివి తెలియవని మొదటే చెప్పుకుంది. అన్ని వందల ఏళ్ళ తర్వాత ఇవాళ మన పత్రికకి వచ్చే ఉత్తరాల్లో ఎన్నిటికో చివర "తప్పులుంటే క్షమించండి" అని ఉంటుంది. మగవాళ్ళ ఉత్తరాల్లో ఆ వాక్యం నేను అరుదుగా చూశాను. పోస్టు చేయని ఉత్తరాలు ఎన్నో, చెప్పకుండా మింగేసిన మాటలు ఎన్నో మనకు లెక్క తెలియదు.

ఇప్పటిదాకా ఇతరుల సంగతి చెప్పాను. నా సంగతి కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. నేను పి.హెచ్‌డి. కోసం పలాస వైపు జీడిపప్పు పనిలో ఉన్న స్త్రీలతో మాట్లాడాను. ఒకామె తన చేతులు చూపించి "జీడి నా సేతులు తినేసింది. యజమాని కొబ్బరినూని సుక్క ఇవ్వనేదు" అంది. నేను దాన్ని టేపు నుంచి కాగితం మీదకి ఎక్కిస్తూ "జీడి రసం ప్రభావం వల్ల చేతులు దెబ్బతింటాయి. రక్షణ సౌకర్యాలు లేవు" అని రాశాను. పరిశోధన భాష అంటే అదే అనుకున్నాను. ఏడాది తర్వాత వెళ్ళి ఆమెకి చదివి వినిపించాను. ఆమె విని, "ఇది నాను సెప్పిందేనా పాపా? ఎవులో సదువుకున్నోళ్ళు సెప్పినట్టుంది. యజమాని ఏడీ ఇందులో?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. అర్జీ రాసినాయన మొగుణ్ణి ఎలా మాయం చేశాడో, నేను యజమానిని అలాగే మాయం చేశాను. నేను స్త్రీవాదిని, సోషియాలజీ చదువుకున్నదాన్ని, ఆమెలాగే ఈ జిల్లా ఆడదాన్ని. అయినా నాకు తెలియకుండానే ఆ పని చేశాను. ఎందుకంటే చిన్నప్పుడు బడిలో "నాను" అన్నందుకు మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. ఆ రోజు నుంచి నా నోటిని నేనే దిద్దుకుంటూ వచ్చాను. తర్వాత ఇతరుల నోళ్ళు కూడా దిద్దడం మొదలుపెట్టాను. ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అప్పుడు నాకు దారి చూపింది. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను ఆ పుస్తకం వాళ్ళ మాటల్లోనే వినిపించింది. చరిత్ర చెప్పే హక్కుతో పాటు తన మాటలో చెప్పే హక్కు కూడా మనిషికి ఉంటుందని నాకు అర్థమయింది.

మరి అసలు ఏదీ దిద్దకూడదా అని టీచర్లు అడుగుతారు. అడగాలి కూడా. ప్రామాణిక భాష రాకపోతే ఉద్యోగాలు రావు, పరీక్షలు పాసవరు. మన పిల్లలకి అది నేర్పకుండా "మీ యాస మీకు చాలు" అనడం కూడా మోసమే. నేర్పవలసిందే. అయితే "ఇది తప్పు" అని కాకుండా "ఇంట్లో ఇలా అంటాం, పరీక్షలో ఇలా రాస్తాం" అని నేర్పవచ్చు. ఒక భాష తీసేసి ఇంకో భాష ఇవ్వనక్కర్లేదు. రెండూ ఉండనివ్వవచ్చు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు 1992లో సారా దుకాణాల మీదకి కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. వాళ్ళు వత్తులన్నీ వచ్చేదాకా ఆగి ఉంటే ఆ ఉద్యమం ఉండేదా?

ఇంకో చోట దిద్దుబాటు తప్పనిసరి. అది మన పేర్ల దగ్గర. సిమ్మాచలం అని మన వైపు ఎంతోమందికి పేరు. రేషన్ కార్డులో సిమ్మాచలం, ఆధార్‌లో సింహాచలం, పట్టాదారు పాసు పుస్తకంలో సింహాచలమ్మ. రాసినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ తమకు తోచినట్టు దిద్దారు. పింఛను దగ్గరికి వెళ్తే ఈ ముగ్గురూ ఒకరేనని రుజువు తెమ్మంటారు. ఆఫీసువాళ్ళు రాసిన తప్పుకి ఆమె తిరగాలి, ఆమె పలికిన తప్పుకి ఆమే నవ్వులపాలు కావాలి! ఆఫీసు తప్పులు దిద్దించుకోవడం మన హక్కు. చదువుకున్న అమ్మాయిలు తమ విద్యని ఇక్కడ వాడాలి.

చివరిగా ఆచరణకి సంబంధించి కొన్ని మాటలు. పోలీసు స్టేషన్‌లో నోటిమాటగా ఫిర్యాదు చెబితే వాళ్ళు రాసుకుని, చెప్పినామెకి చదివి వినిపించాలి, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇది పాత చట్టంలో 154వ సెక్షన్, కొత్త చట్టంలో 173వ సెక్షన్. చదివి వినిపించకుండా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. వినిపించినప్పుడు ఎవరు చేశారు, ఏం చేశారు అన్నది ఉందో లేదో చూసుకోండి. చేసినవాడి పేరు పోతే ఆపి అడగండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. కాబట్టి మంచి భాష కోసం డబ్బిచ్చి మన మాట పోగొట్టుకోవలసిన పనిలేదు.

అర్జీలు రాసిపెట్టే మన కార్యకర్తలకి నా విన్నపం ఒకటే. తేదీలు సరిచూడండి, సర్వే నంబర్లు సరిచూడండి, పేర్లు సరిచూడండి. జరిగిన సంగతిని మాత్రం ఆమె మాటల్లోనే రాయండి. అవసరమైతే పక్కన అర్థం రాయండి. సభల్లో ఎవరైనా మన మెంబరమ్మ మాటని దిద్దబోతే, మిగతావాళ్ళం నవ్వకుండా "ముందు కుళాయి సంగతి చెప్పండి" అని అడుగుదాం.

భరణం కేసు గెలిచిన అప్ప ఈ సభలోనే వెనక వరసలో కూర్చుంది. నిన్న ఆమెని కలిసి, మీ సంగతి సభలో చెప్పనా అని అడిగాను. "సెప్పు పాపా, గానీ నా మాట మార్చకు" అంది. మార్చకుండానే చెప్పాననుకుంటున్నాను. ఎక్కడైనా మార్చి ఉంటే ఆమే లేచి నన్ను దిద్దాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.